తొట్టిలో వేసే రెండు ముక్కలు

నా వెనక నిలబడి ముక్కలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇది ఇవాళ్టి మంట కాదు. మా గోదావరి జిల్లాలో మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ చాప పరిచి పేక తీసేది. ఎదురింటావిడా, టైలరు భార్యా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చేరేవాళ్ళు. మగవాళ్ళెవరైనా అటుగా వచ్చి భుజం మీంచి తొంగి చూసి, "ఆ రాణిని కొట్టెయ్యండి పిన్నిగారూ" అన్నారంటే అయిపోయిందే. అమ్మమ్మ పదమూడు ముక్కలూ మూసి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వాడతావా నాయనా, నేను లేస్తాను" అనేది. ఆ మనిషి కదిలేదాకా ముక్కలు తెరిచేది కాదు. ఆవిడ నగలేవీ నాకు రాలేదు గానీ ఆ తెగులు మాత్రం వచ్చింది.

ఐర్లండ్‌లో అది మళ్ళీ పైకి తేలింది. మేముండేది రాజధాని శివారులో, ఆడమ్స్‌టౌన్‌లో. మా ఆయన లీక్స్‌లిప్‌లో చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. నాలుగు రోజులు షిఫ్టు, నాలుగు రోజులు ఇల్లు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నా వెనకే ఉంటాడు. కుక్కర్ ఎన్ని కూతలకి ఆపాలో, కారు ఎక్కడ పెట్టాలో, బట్టలు బయట ఆరెయ్యాలో లోపల ఆరెయ్యాలో అన్నీ చెబుతాడు. మంచి మనిషి, చెడ్డవాడని రాయడానికి కూర్చోలేదు నేను. ఎదురుగా ఉంటే "మీరు" అంటాను గానీ రాసేటప్పుడు "అన్నాడు" అనే రాస్తాను. ఇది నా రాత, ఇందులో ముక్కలు చెప్పేవాళ్ళు లేరు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. వాళ్ళ నాన్న ఓడల మీద పనిచేసినవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న క్రిబేజ్ అనే పేకాట తప్ప ఆవిడకి ఇంకే ఆటా ఆనదు. వారం వారం ఆవిడతో ఆడే స్నేహితురాలు కొడుకు దగ్గరికి గాల్వే వెళ్ళిపోయింది. ఒకరోజు ఇద్దరం చెత్త బిన్నులు బయటికి తోస్తుంటే, "నీకు పేకాట వచ్చా?" అని అడిగింది. గోదావరి జిల్లా మనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది? "వస్తే ఏం, ఎప్పుడు రమ్మంటారు?" అన్నాను.

మొదటిరోజు వెళ్ళగానే, "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి, అందుకో" అంది. ప్రెస్ అంటే మనకి ఇస్త్రీ కదా. నేను ఇస్త్రీ బల్ల వైపు వెళ్ళాను. అక్కడ కప్పులెందుకుంటాయి? ఇక్కడివాళ్ళు గోడ అలమరాని ప్రెస్ అంటారట. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. ఆ రోజుకి నేను తప్పుగా అర్థం చేసుకున్న మాట అదొక్కటే అనుకున్నాను.

ఆట ఇలా ఉంటుంది. ఇద్దరికీ ఆరేసి ముక్కలు పంచుతారు. ఎవరికి వాళ్ళు నాలుగు ఉంచుకుని రెండు బోర్లా పక్కన పడెయ్యాలి. ఆవిడ రెండూ నా రెండూ కలిసి అక్కడ నాలుగవుతాయి. దాన్ని క్రిబ్ అంటారు. ఆ తర్వాత పేక కోసి ఒక ముక్క తిప్పి పెడతారు, అది అందరి లెక్కలోకీ వస్తుంది. కలిపితే పదిహేనయ్యే ముక్కలకి రెండు పాయింట్లు, జతకి రెండు, వరసకి ఎన్ని ముక్కలుంటే అన్ని. బొమ్మలన్నీ పది కింద లెక్క. చిల్లులున్న ఒక చెక్క మీద చిన్న పుల్లల్ని ముందుకి జరుపుకుంటూ పోవాలి, ఎవరి పుల్ల ముందు చివరికి చేరితే వాళ్ళు గెలిచినట్టు. అన్నిటికన్నా నాకు నచ్చిందేంటంటే, వరసకి రంగు కలవక్కర్లేదు. రమ్మీలో అన్నీ ఇస్పేట్లో అన్నీ కళావర్లో అయితే తప్ప సీక్వెన్స్ అనిపించుకోదు. ఇక్కడ ఏడు ఆఠీను పక్కన ఎనిమిది డైమను వచ్చినా వరసే! ఇంత చవకా, అనుకున్నాను.

ఇక క్రిబ్ సంగతి. ఆ మాట నాకు ముందే తెలుసు. అంతకుముందు క్రిస్మస్‌కి ఆవిడ కిటికీలో గడ్డి పరిచి, పసిబాబు, ఆవు, గాడిద బొమ్మలు పెట్టి, "ఇదే మా క్రిబ్" అని చూపించింది. అంటే పశువుల తొట్టి. మా ఊళ్ళో తొట్టి అంటే కుడితి తొట్టే. బియ్యం కడుగు, గంజి, కాయగూరల తొక్కలు, వంటింట్లో పనికిరానిదంతా అందులోకే. కాబట్టి పనికిరాని రెండు ముక్కలు తొట్టిలో పారెయ్యడమన్నమాట అని మనసులో తర్జుమా చేసేసుకున్నాను. ముక్కలు ఎవరు పంచితే తొట్టి వాళ్ళదవుతుందని ఆవిడ చెప్పనే చెప్పింది. చెత్త ఎవరిదైతే నాకేంటి, అనుకుని వినలేదు.

మొదట ఆవిడే పంచింది. నాకు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, రెండు ఐదులు వచ్చాయి. నాలుగు ముక్కల వరస కళ్ళెదుట కనిపిస్తుంటే ఐదులెవడిక్కావాలి? రెండూ తొట్టిలో పారేశాను. కోస్తే రాణి వచ్చింది. నా చేతికి ఆరు పాయింట్లు లెక్కపెట్టుకుని కాలు మీద కాలేసుకున్నాను. ఆవిడ తన చేతిలోవి లెక్కపెట్టుకుని, తర్వాత తీరిగ్గా తొట్టి తిరగేసింది. నా రెండు ఐదులు, ఆవిడ వేసిన పదీ జాకీ. "ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్" అంటూ మొదలుపెట్టింది. ఒక్కో ఐదూ పదితో ఒకసారి, జాకీతో ఒకసారి, కోసిన రాణితో ఒకసారి. ఐదుల జతకి రెండు, పది జాకీ రాణి వరసకి మూడు. మొత్తం పదిహేడు! నేను పారేసిన చెత్తలోంచి పదిహేడు!

"తొట్టి ఎవరిదో చూసుకుని వెయ్యాలి," అంది పుల్ల జరుపుతూ. నీతి చెప్పే గొంతు కాదది, నాలుగైదేళ్ళ మనవడికి బూట్ల ముడి ఎలా వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా ఆరు ముక్కలూ మళ్ళీ పేర్చి చూపించింది. నేను ఐదులు, ఎనిమిది, పది ఉంచుకుని ఏడూ తొమ్మిదీ వేసుంటే నా చేతికి ఆరు బదులు పది వచ్చేవి. ఆవిడ తొట్టికి పదిహేడు బదులు నాలుగు.

ఇంటికొచ్చి అన్నం వార్చుకుంటూ అదే ఆలోచన. అసలు కుడితి పనికిరానిదని ఎవరన్నారు? గేదె ఆ కుడితి తాగే కదా పాలిచ్చేది. గేదె ఎవరిదైతే పాలు వాళ్ళవి. తొక్కలు మనవి కదా, ఓ చెంబు పాలు పొయ్యమంటే పోస్తారా?

ఆ శీతాకాలమంతా ఆడాను. ఏది ఉంచుకోవాలన్నది చప్పున తెలిసిపోతుంది, కళ్ళు ఎటూ దాని మీదే ఉంటాయి. ఏది వదలాలన్న దగ్గరే చెయ్యి ఆగుతుంది. తొట్టి నాదైతే ఐదుల జతని చేతులారా అందులో దాచుకుంటాను. తొట్టి ఆవిడదైతే రాజునీ ఆసునీ వేస్తాను, ఒకరి మొహం ఒకరు చూడని దాయాదుల్లాంటివి అవి, ఏ వరసలోనూ కలవవు. కొన్నిసార్లు ఆరూ ఒకింటివే వస్తాయి. ఆరు, ఏడు, ఏడు, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది. ఏ రెండు తీసినా ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటప్పుడు ఆవిడ తొందరపెట్టదు. తన ముక్కలు బల్ల మీద పెట్టి కిటికీలోంచి వాన చూస్తుంది.

వేసవి మొదలవుతుండగా డండాక్ నుంచి ఫోనొచ్చింది. అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగానికి నేను దరఖాస్తు పెట్టాను, ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. వస్తుందన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. వచ్చేసింది! ఫుల్ టైం. శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. నేను అప్పటికి ఇంటి దగ్గర మందుల షాపులో కౌంటరు వెనక రోజూ నాలుగు గంటలు నిలబడుతున్నాను. ఎమ్మెస్సీ చదివి దగ్గు మందు సంచిలో వేసి ఇస్తున్నాను. ఫోను పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే గిర్రున తిరిగాను, చెబితే నవ్వుతారు.

"డండాకా? అంటే ఉత్తరాన బోర్డర్ దగ్గర?" అన్నాడు మా ఆయన. "రోజూ అంత డ్రైవింగ్ ఏంటి? ట్రైన్ అయితే సిటీలోకెళ్ళి మారాలి. నాకేమో ప్రమోషన్ టైం. పిల్ల సెకండరీలోకి వచ్చింది. ఈసారికి వదిలెయ్. దగ్గర్లో ఇంకోటి దొరుకుతుందిలే."

ఆ మాటల్లో కేక లేదు, కోపం లేదు. అదే నా బాధ. అరిస్తే నేనూ అరిచేదాన్ని. మా వదిన రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో, "దూరపు కొండలు నునుపమ్మా" అని ఇంకో రాయి వేసింది. ఆవిడకి కొండ ఎటు ఉందో కూడా తెలీదు.

"ఈసారికి వదిలెయ్" నాకు కొత్త కాదు. తణుకులో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, పర్మనెంట్ ఉద్యోగం. ఈయనకి ఇక్కడ పని దొరికినప్పుడు, "ఈసారికి వదిలెయ్, అక్కడ ఇంకా మంచివి ఉంటాయి" అన్నాడు. ఇక్కడికొచ్చాక టీచరు అవడానికి ఒక కోర్సులో చేరాను. సగంలో ఉండగా ఈయన షిఫ్టుల్లోకి మారాడు, పాపని చూసుకోవడానికి ఒకరు ఇంట్లో ఉండాలి. "ఈసారికి వదిలెయ్." అప్పుడు నేనూ తలూపాను. ఎవరో ఒకరు వదలాలి గదా, ఇంటికే గదా, అనుకున్నాను.

ఆ బుధవారం మా ఆయనకి సెలవు. "ఖాళీగానే ఉన్నా, నేనూ వస్తా" అని పక్కింటికి నాతో బయల్దేరాడు. పెద్దావిడ సంతోషించింది. తన ఇంటి రూలు మాత్రం గుమ్మంలోనే చెప్పింది, వెనక నుంచి ముక్కలు చెప్పినవాళ్ళు టీ పెట్టాలని. మా ఆయన పెద్దగా నవ్వాడు. అది తన గురించి అనుకోలేదు.

ఆవిడ పంచింది. అంటే తొట్టి ఆవిడది. నాకు వచ్చినవి రెండు ఐదులు, తొమ్మిది, పది, జాకీ, రాణి. తొమ్మిదినీ రాణినీ తొట్టిలోకి వెయ్యడానికి పక్కకి లాగాను.

"అరె, వరస విరగ్గొడతావేంటి?" అన్నాడు వెనక నుంచి తెలుగులో. "తొమ్మిది, పది, జాకీ, రాణి. నాలుగు ముక్కలు చక్కగా కుదిరాయి. ఆ ఐదులు కొట్టెయ్. దేనికీ పనికిరావవి."

ముక్కలు సర్దుకున్నాను.

"విను నా మాట. రమ్మీలో నన్ను కొట్టినవాడు లేడు, నీకు తెలుసు. కాస్త ముందుచూపు ఉండాలి. ఐదులు పడెయ్."

నా ముక్కలు, నా చెయ్యి, నా ఆట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారే, సరిగ్గా అదే జరుగుతోంది అక్కడ. ముక్కలు మూసి ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిరిగాను.

"ఆ తొట్టి ఎవరిదో అడిగారా మీరు?"

"ఏ తొట్టి?"

"మీరు నన్ను పడెయ్యమంటున్న రెండూ ఎక్కడికెళ్తాయి? ఆవిడ తొట్టిలోకి. ఆ పాయింట్లు ఎవరికొస్తాయి? ఆవిడకి. దేనికీ పనికిరానివైతే ఆవిడకెందుకు పనికొస్తాయండీ?"

"సర్లే, నాకేం తెలుసు ఈ ఆట—"

"తెలీకుండానే చెబుతున్నారు కదా. తణుకు ఉద్యోగం పడేయించారు, అది ఎవరి తొట్టిలో పడింది? మీ వీసాలో. కోర్సు పడేయించారు, అది మీ షిఫ్టులో పడింది. ఇప్పుడు డండాక్ పడెయ్యమంటున్నారు, మీ ప్రమోషన్ కోసం."

"నేనేం తినేశానా? మనందరి కోసమే కదా!" అన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"తిన్నారనట్లేదు. ప్రతిసారీ పుల్ల జరిగింది మీదే అంటున్నాను. నాది మొదటి చిల్లులోనే ఉంది."

ఇన్నేళ్ళుగా ఎంత సర్దుకున్నానో అంత కోపం ఉంది నాలో. ఆ కోపం ఎవరి మీదా కక్ష కాదు, నాకు నేను మిగలాలన్న పంతం. మా ఇంట్లో అంటారు, దీనికి తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని. ఈ కుందేలుకి మూడు కాళ్ళే ఉన్నా సరే, నేను పట్టాను, వదలను.

పెద్దావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఐదుల గురించేనా?" అంది. ముక్కలు చూడకపోయినా ఐదులున్నాయని ఎలా తెలిసిందో! ఇలాంటి గొడవలు ఐదుల దగ్గరే వస్తాయని తర్వాత చెప్పింది.

"కాదు, డండాక్ గురించి," అన్నాను ఇంగ్లీషులో. "అక్కడ నాకు ఉద్యోగం వచ్చింది. ఈయన వద్దంటున్నాడు."

"డండాకా? గ్రాండ్. ట్రైన్ ఉంది కదా," అంది. అంతే, ఆవిడకి అందులో తేల్చాల్సిన సంగతేమీ కనిపించలేదు. మా ఆయన వైపు తిరిగి, "నాకు చక్కెర వద్దు," అంది. అర్థమవడానికి ఆయనకి ఒక క్షణం పట్టింది. తర్వాత టీ పెట్టడానికి వెళ్ళాడు.

నేను తొమ్మిదినీ రాణినీ తొట్టిలో వేశాను. పేక కోస్తే నాలుగు వచ్చింది, ఎవరికీ ఒరిగిందేమీ లేదు. నా చేతికి పది పాయింట్లు. టీ కప్పులు పట్టుకుని వచ్చిన మా ఆయన నేను పుల్ల జరుపుతుంటే చూశాడు. ఇంజనీరు కాబట్టి లెక్క చెప్పక్కర్లేదు. తను చెప్పినట్టు ఆడితే నాలుగొచ్చేవి. కప్పు నా పక్కన పెట్టి, వెనక నిలబడకుండా వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు.

ఆ ఆట నేను ఓడిపోయాను. తర్వాత రెండు పంపకాల్లో నీరసమైన ముక్కలొచ్చాయి, ఆవిడ గెలిచింది. ఓడినందుకు నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. నా ముక్కలతో నేనాడి ఓడాను. ఇంకోళ్ళ సలహాతో గెలిచిన దానికన్నా అదే బావుంది.

ఇంటికి నడిచే ఆ కాస్త దూరంలో ఆయన, "తణుకు సంగతి నువ్వు ఇంకా మనసులో పెట్టుకున్నావని నాకు తెలీదు," అన్నాడు. "మీరు అడగలేదు," అన్నాను. మెత్తగా అనలేదు, మెత్తగా అనాలనిపించలేదు.

శుక్రవారం దాకా ఆగలేదు నేను. గురువారం పొద్దున ఆయన ఎదురుగానే, స్పీకర్ పెట్టకుండా, గుసగుసలాడకుండా, మామూలు గొంతుతో ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ఆయన న్యూస్ చూస్తున్నట్టు కూర్చున్నాడు. టీవీ ఆన్ చెయ్యలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా అమ్మాయికి చెప్పాం. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే ఇస్తుంది. నన్ను మామ్ అంటుంది ఇక్కడి పిల్లల్లాగే. "దట్స్ డెడ్లీ, మామ్," అని నన్ను వాటేసుకుంది. డెడ్లీ అంటే వాళ్ళ భాషలో భలే అని. కూర్చుని రెండు ముద్దలు తిన్నాక దానికి గుర్తొచ్చింది. మంగళవారాలు దానికి కమోగీ ఉంటుంది, ఆడపిల్లలు కర్రలతో బంతి కొట్టే ఆట. ప్రాక్టీసు అయ్యాక నేనే వెళ్ళి తీసుకొస్తాను.

"మరి మంగళవారం నన్నెవరు పికప్ చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఇద్దరూ నా వైపే చూశారు. పాపం, అలవాటు. నా నోటిదాకా వచ్చేసింది, "నేను చూసుకుంటాలే" అని. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మాట నేను ఆలోచించి అన్నది లేదు, దానంతటదే వస్తుంది. ఎలాగో తొందరగా బయల్దేరతాను, ల్యాబులో అడిగి చూస్తాను, పక్కింటి పెద్దావిడని బతిమాలతాను, ఇలా నాలుగు దారులు అప్పుడే బుర్రలో వరసగా నిలబడ్డాయి. పెదాలు బిగించాను. గిన్నెలోంచి పెరుగు వేసుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాను.

మా అమ్మాయి నన్ను చూసింది, వాళ్ళ నాన్నని చూసింది. ఆయన గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు, దించాడు.

"మంగళవారం..." అన్నాడు. గ్లాసు పక్కకి జరిపి, "షిఫ్ట్ మార్చుకుంటా. నేనొస్తా," అన్నాడు.

నేను తలెత్తలేదు, థాంక్స్ చెప్పలేదు. పెరుగన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కున్నాను.